ముడికీ ఓ లెక్కుంది

మరచిపోకూడని పని ఉంటే కొంగున ముడి వేసుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. ఉర్దూలో పుట్టినరోజును సాల్‌గిరా అంటారు, ఏడాది ముడి అని. జ్ఞాపకాన్ని దారానికి అప్పగించడం ఎరిగినవాళ్లం కాబట్టి, చిలీ నుంచి వెళ్లి న్యూయార్క్‌లో స్థిరపడ్డ సెసీలియా వికున్యా కళ మనకు కొరుకుడు పడనిదేమీ కాదు. దశాబ్దాలుగా ఆమె మళ్లీ మళ్లీ చేతికెత్తుకుంటున్న వస్తువు కిపు. అంటే దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల ప్రజలు లెక్కలు దాచుకున్న ముళ్ల తాళ్లు. వలసపోయిన కళాకారులు తాము వదిలివచ్చిన నేల విలువలను పరాయి దేశపు గ్యాలరీల్లో పరుస్తుంటే చప్పట్లు కొట్టేవారికి కొదవలేదు, లెక్క అడిగేవారే తక్కువ. కిపును చూపే ప్రదర్శనను కిపు పద్ధతిలోనే లెక్క అడగాలన్నది మా మాట.

ఆ పద్ధతి ఇదీ. ముందు ఒక లావుపాటి అడ్డతాడు ఉంటుంది. దానికి పత్తితోనో, లామా, అల్పాకా అనే జంతువుల ఉన్నితోనో పేనిన సన్నని తాళ్లు వేలాడతాయి. లెక్క మనలాగే పదుల్లో నడుస్తుంది. తాడు కింది కొస దగ్గర ఒకట్లు, వాటి పైన పదులు, ఆపైన వందలు. పదులకూ వందలకూ మామూలు ముళ్లే, ఎన్ని ముళ్లుంటే అంత. ఒకట్ల చోట మాత్రం ఒకే పొడవాటి ముడి. అందులో దారం ఎన్ని చుట్లు తిరిగితే అది అంకె. ఒక్క చుట్టే తిప్పితే అది మామూలు ముడి అయిపోతుంది గనుక ఒకటికి విడిగా ఇంగ్లిషు 8 ఆకారపు ముడి పెట్టుకున్నారు. 243 వేయాలంటే పైన రెండు ముళ్లు, నడుమ నాలుగు, కింద మూడు చుట్ల పొడవు ముడి. సున్నాకు ముడి లేదు, ఖాళీ వదిలేస్తారు. ఆ ఖాళీ సున్నాయో, ఊరికే మిగిలిన దారమో తేలేది పక్క తాళ్లను చూస్తేనే, వాటిలో పదుల వరస ఏ ఎత్తున ఉందో దాన్ని బట్టి. అందుకే ఒక్క తాడును తుంచి అద్దాల పెట్టెలో పెడితే అది దారమే తప్ప కిపు కాదు. కొన్నింటిలో పైవైపుకి కట్టిన తాడు ఒకటుంటుంది. దాని మీది సంఖ్య కింది తాళ్ల మొత్తానికి సరిపోవాలి. ఎక్కడ ముడి తప్పినా అక్కడ దొరికిపోతుంది. ఈ అంకెల గుట్టును అమెరికన్ పరిశోధకుడు లెలాండ్ లాక్ 1912లో విప్పారు. అంకెలకు లొంగని కిపులు కూడా ఉన్నాయి, వాటి సంగతి ఇప్పటికీ తేలలేదు.

ఆండీస్‌ను ఏలిన ఇన్కా రాజ్యం పోయాక 1583లో లిమాలో కూడిన చర్చి పెద్దల సభ కిపులను విగ్రహారాధన సామగ్రిగా ఎంచి నాశనం చేయమంది. అయినా పెరూలోని తుపికోచా గ్రామంలో అవి పంచాయతీ సొత్తుగా మిగిలాయి. ఏటా జనవరిలో ఊరంతా కూడి పాత పెద్దల లెక్కలు విని, కొత్త పెద్దలకు బాధ్యత అప్పగించేటప్పుడు వారి భుజాల మీదుగా కిపులను వేస్తారు. ఆ ముళ్లను చదవగలిగినవారు ఊళ్లో ఎవరూ లేరు. అయినా అది భుజాన పడితేనే పదవి పడినట్టు. ఊరి సొమ్ముకు జవాబు చెప్పుకోవాల్సిన బరువది. కిపును అలంకారంగా చూసేవాళ్లకు తప్పిపోయే విషయం సరిగ్గా ఇదే.

వికున్యా 1948లో శాంటియాగోలో పుట్టారు. 1972లో చదువు కోసం లండన్ వెళ్లారు. మరుసటి ఏడు సెప్టెంబర్ 11న చిలీలో సైన్యం గద్దెనెక్కడంతో ఇంటిదారి మూసుకుపోయింది. 1975లో కొలంబియాలోని బొగోటా, 1980లో న్యూయార్క్ చేరారు. 2006లో చిలీ అధ్యక్ష ఎన్నిక రోజున, గనుల తవ్వకానికి హిమానీనదాలు బలి కాకూడదంటూ ఎల్ ప్లోమో కొండ మీద ఎర్ర ఉన్నితో కిపు పరిచారు. 2017లో ఏథెన్స్‌లో అలాంటి ఎర్ర ఉన్నే పైకప్పు నుంచి జలపాతంలా దిగింది. 2022లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన ఆమెకు జీవన సాఫల్య పురస్కారం గోల్డెన్ లయన్ ఇచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో లండన్‌లోని టేట్ మోడర్న్ కళా మ్యూజియం టర్బైన్ హాలులో ‘బ్రెయిన్ ఫారెస్ట్ కిపు’ మొదలైంది. 27 మీటర్ల ఎత్తున రెండు వేలాడే కిపులు, వడకని ఉన్ని, నార, తాళ్లు, అట్టముక్కలు, అన్నీ ఎముకల తెలుపు. ఎండిపోయిన అడవి అస్థిపంజరం లాంటిది అది, ఒకప్పుడు చమురు మండించి కరెంటు తీసిన హాలులో. డబ్బు పెట్టింది ఒక కార్ల కంపెనీ. ఈ వైరుధ్యం కనబడనట్టు నటించాల్సిన పనిలేదు, దానితోనే కళను కొట్టిపారేయాల్సిన పనీ లేదు.

ఆ తాళ్లకు చిక్కించిన చిన్న చిన్న వస్తువుల్లో కొన్నింటిని థేమ్స్ నది ఒడ్డున ఏరి తెచ్చింది లండన్‌లో బతుకుతున్న లాటిన్ అమెరికా మహిళలు. మా దృష్టిలో ఆ పని మొత్తానికి ప్రాణం అక్కడుంది. సముదాయం గురించి చెప్పే పనిలో సముదాయం చెయ్యి కూడా పడింది. ఇలాంటి ప్రదర్శన పెట్టేవారిని అడగాల్సినవి మాత్రం ఇంకా ఉన్నాయి. ఏరినవారి పేర్లు కళాకారిణి పేరున్న గోడమీదే ఉన్నాయా, ఏ కరపత్రం చివరో ఉన్నాయా? వారి రోజులకు కూలి కట్టారా, టీ బిస్కెట్లతో సరిపెట్టారా? ప్రదర్శన దింపేశాక ఆ వస్తువులు ఎవరివి? పైతాడు మీది అంకె కింది తాళ్లకు సరిపోతోందా అన్నట్టే ఇది.

ఇక సరుకు సంగతి. ఉన్నికి బలమిచ్చేది పురి. వడకని ఉన్నిలో పురి ఉండదు కాబట్టి పోగులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, సొంత బరువుకే సాగి తెగుతాయి. దాన్ని ఎత్తున వేలాడదీసేవారు లోపల తాడో వలో పెట్టి బరువంతా దాని మీదే పడేలా చూసుకోవాలి. చిమ్మట పురుగు పత్తి జోలికి పెద్దగా పోదు గానీ ఉన్నిని వదలదు. గ్యాలరీలోకి తెచ్చే ముందు ఉన్నిని ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 30 డిగ్రీల్లో కనీసం మూడు రోజులుంచితే గుడ్లతో సహా చస్తుంది. బయటికి తీశాక సంచి వెంటనే విప్పితే చెమ్మ పట్టి బూజొస్తుంది. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. మంటకు తాళే గుణం ఉన్నికి కొంత ఉంది, పక్కనున్న నారకూ అట్టకూ లేదు. ఫైర్ వాళ్ల అనుమతి కోసం ప్రారంభానికి ముందురోజు పరుగెత్తితే కుదిరే పని కాదు.

ఈ లెక్క మనమూ అప్పజెప్పాలి. ఒకనాడు ఎడ్ల బిడారుల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ ఉత్తరాది నుంచి దక్కనుకు వచ్చి తండాలు కట్టుకున్న లంబాడీల అద్దాల కుట్టుపని మన హోటళ్ల లాబీల్లో, ఎగ్జిబిషన్ స్టాళ్లలో విరివిగా కనిపిస్తుంది. ఫేటియాను, అంటే లంబాడీ స్త్రీల లంగాను, ముక్కలు కోసి ఫ్రేములు కడతారు. కింద ‘గిరిజన కళ’ అని ఒక చీటీ. కుట్టిన మనిషి పేరుండదు, తండా పేరుండదు, అది పెళ్లికి కుట్టుకున్నదా అమ్మకానికి కుట్టినదా ఉండదు. పైగా జిగురుతో అట్టకు అంటిస్తారు. కొన్నేళ్లకు జిగురు పసుపు తిరిగి గుడ్డలోకి దిగుతుంది, మళ్లీ ఊడదీయడం ఎవరి తరమూ కాదు. నూలు గుడ్డ తొడిగిన అట్టకు అంచుల వెంట సన్నని కుట్లు వేసి నిలపాలి. ఫ్రేము అద్దం కుట్టులోని అద్దాలను తాకకుండా నడుమ ఎడం ఉంచాలి. దీపం ఎదురుగా పెడితే చూసేవారి కళ్లలో వెలుగు తప్ప కుట్టు కనబడదు, పక్కవాటంగా పెట్టాలి.

రాష్ట్ర ప్రభుత్వాల సాంస్కృతిక శాఖలు తాము అద్దె కట్టే, తాము సాయం చేసే ప్రతి ప్రదర్శనకూ ఒక షరతు పెట్టవచ్చు: చీటీ మీద కుట్టినవారి పేరు, ఊరు, కుట్టిన ఏడు, వారికి ముట్టిన పైకం. ఆఖరిది రాయడానికి నిర్వాహకులు నసుగుతారని తెలుసు. ముందు దానితోనే మొదలుపెట్టాలి.