ట్రీ గార్డు గారికి, తమరి రిటైర్మెంట్ గురించి

ట్రీ గార్డు గారికి,
వేపచెట్టు చుట్టూ (కొంతభాగం లోపల కూడా), మా వీధి మలుపు, సీతమ్మధార, విశాఖపట్నం.

అయ్యా,

తమరు డ్యూటీలో చేరింది హుద్‌హుద్ తుఫాను తర్వాత బ్యాచ్‌లో. 2014 అక్టోబర్ 12, ఆదివారం, గంటకి దగ్గరదగ్గర 180 కిలోమీటర్ల స్పీడుతో గాలొచ్చి ఊరిని ఊపేసి పోయాక కైలాసగిరి నుంచి యూనివర్సిటీ దాకా ఎటు చూసినా పడిపోయిన చెట్లు, ఆకుల్లేని మోళ్లే కదా, దాంతో జనమంతా మొక్కలు నాటేద్దాం అని తెగ హడావిడి పడిపోయారు, ఆ హడావిడిలో తమరూ దిగారు. మొక్క చుట్టూ ఇనప కమ్మీల జల్లెడ, ఆకుపచ్చ పెయింటు, మధ్యలో దాత పేరు రాసిన రేకు. మొక్క కన్నా ఆ రేకే పెద్దగా ఉండేది, సర్లెండి, డబ్బులిచ్చినాయన ముచ్చట.

తమరి పని తమరు బాగానే చేశారు, కాదనను. మా వీధి ఆవులు గేటు తోసుకుని లోపలికొచ్చి మందారాలు తినేసి మళ్లీ ఏమీ తెలీనట్టు వెళ్లిపోయే రకం, వాటి నుంచి ఆ వేపమొక్కని కాపాడింది తమరే. కానీ సార్, అది రెండు మూడేళ్ల పని. మొక్క ఆవు మూతికి అందనంత ఎత్తు పెరిగి కాండం కాస్త గట్టిపడ్డాక తమరికి అక్కడ పని లేదు. మన రాష్ట్ర గవర్నమెంటు ఉద్యోగులు కూడా 2022లో పెంచిన లెక్క ప్రకారం 62కి ఇంటికెళ్లిపోతున్నారు, తమరికి మాత్రం ఆ రూలు లేదేటి?

పోనీ ఖాళీగా నిలబడి ఉన్నా బాగుండేది. ఎవరో ఆటో రివర్స్ చేస్తూ గుద్దితే తమరు ఒరిగి చెట్టుకి ఆనుకున్నారు, అప్పట్నుంచి ఇనప కమ్మీ బెరడులోకి దిగుతూనే ఉంది. తమరి అసిస్టెంటు బైండింగ్ వైరు ఇంకో ఘనుడు, మొక్క వంగకుండా అని కాండం చుట్టూ బిగించి కట్టారు, ఇప్పటికీ విప్పలేదు. చంటోడికి కట్టిన వెండి మొలతాడు పెళ్లి నాటికీ తియ్యకపోతే ఎలా ఉంటదో అలా ఉంది. ఆకులు తయారుచేసిన తిండి బెరడు లోపలి పొరలోంచే కిందికి దిగి వేళ్లకి చేరాలి, అక్కడ వైరు నొక్కేస్తే వేళ్లకి పస్తే. పైకి మాత్రం కొన్నేళ్లు పచ్చగానే కనిపిస్తది, అందుకే ఎవరికీ అనుమానం రాదు, తర్వాత తుఫానొచ్చి పడిపోతే గాలిని తిట్టుకుంటాం. అయినా మొక్క గాలికి కాస్త ఊగాలండీ, ఊగితేనే కాండం మొదలు లావెక్కుతది, వేళ్లు గట్టిగా పట్టుకుంటాయి. కర్ర పాతి కట్టినా వదులుగా కట్టాలి, ఏడాది తిరిగేసరికి తీసేయాలి.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఇంకోటి ఉంది. ఈ వేపకి చిన్నప్పుడే రెండు తలలొచ్చాయి, రెండూ సమానంగా పైకి పోతున్నాయి, మధ్యలో వి ఆకారంలో ఇరుకు పంగ. అది వేలంత లావున్నప్పుడే సికేచర్‌తో (కొమ్మలు కత్తిరించే చేతి కత్తెర) ఒకదాన్ని కత్తిరిస్తే అయిపోయేది, రెండు నిమిషాల పని, చెట్టుకి జీవితాంతం ఒకటే కాండం ఉండేది. కానీ తమరి జల్లెడలోంచి చెయ్యి దూరితేగా! ఎవరూ ముట్టుకోలేదు, అది తొడంత లావైంది, ఇప్పుడు కరెంటు తీగలకి తగులుతోందని ఏటా పవర్ రంపంతో వచ్చి తల మొత్తం గొరిగేసి పోతున్నారు. గొరిగిన చోట నుంచి పుల్లలు గుత్తులుగా లేస్తాయి, అవి పైపైనే అతుక్కుని ఉంటాయి, లోపల కట్టె పుచ్చుతుంటది, మళ్లీ ఏడాదికి అవే తీగలకి తగులుతాయి, మళ్లీ రంపం. కాంట్రాక్టుకైతే మంచిదే అనుకోండి.

పెద్ద కొమ్మ తియ్యాల్సొస్తే ముందు కింద నుంచి కొంచెం కోత పెట్టి, తర్వాత దానికి కాస్త అవతల పై నుంచి కోసి బరువు దించేసి, అప్పుడు మిగిలిన మోడుని మొదట్లో ఉబ్బుగా ఉండే మెడ దగ్గర, ఆ మెడకి దెబ్బ తగలకుండా కొయ్యాలి. లేకపోతే కొమ్మ విరిగి కింద దాకా బెరడు చీల్చుకుంటూ పోతది. కోసిన చోట తారు, పెయింటు ఏమీ పుయ్యక్కర్లేదు, చెట్టు ఆ గాయాన్ని తనే చుట్టూ కట్టె పెంచి మూసుకుంటది. అలెక్స్ షిగో అని అమెరికాలో చెట్లని నిలువునా కోసి చూసినాయన 1970ల్లోనే చెప్పాడు, మా వీధికి ఇంకా రాలేదు ఆ కబురు.

ఇక తమరి లోపలి సంగతి. మొక్కజొన్న కంకులు, టీ కప్పులు, కొబ్బరి బోండాలు, దాని మీద రోడ్డు పనోళ్లు పోసిన మట్టి. కాండం వేళ్లుగా విప్పారే మొదలు నేల పైన కనపడాలి, ఇక్కడ అది మోకాలి లోతులో ఉంది. నాటినప్పుడు నర్సరీ నల్ల కవరు తీశారో లేదో తమరికే తెలియాలి, తీయకపోతే వేళ్లు దాంట్లోనే గుండ్రంగా తిరుగుతుంటాయి.

తమర్ని తీయిద్దామని వెళ్తే ఒక ఆఫీసు వాళ్లు అది దాత ఆస్తి అన్నారు, దాతని అడిగితే ఇచ్చేశాక ఆఫీసు ఆస్తే కదా అన్నాడు, ఇంకో ఆఫీసులో అయితే ట్రీ గార్డు పెట్టడానికి అప్లికేషన్ ఉంది గానీ తీయడానికి లేదండీ అని నవ్వేశారు.

అందుకని మేమే డిసైడ్ అయ్యాం. వెల్డింగ్ షాపు కుర్రాడు కట్టరు పట్టుకొస్తానన్నాడు. వైరు బయట కనపడిన చోటల్లా తుంచేస్తాడు, కమ్మీలు బయటికున్నంత వరకే కోస్తాడు. బెరడులో మునిగిపోయిన ముక్కల్ని లాగొద్దని గట్టిగా చెప్పాం, లాగితే ఉన్న బెరడు కూడా ఊడొస్తది. అంటే తమరిలో ముప్పాతిక వంతు రిటైర్డ్, మిగతా పావువంతు పర్మనెంట్. రేకు మాత్రం దాతగారికి పంపించేస్తాం, ఎందుకంటే ఆయన ఫోన్ చేసి మరీ అడిగింది దాని గురించే.

ఇట్లు,
వేపచెట్టు ఎదురింటివాడు