బీరు బకెట్టు వడ్డాణం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హీటింగ్ బెల్టు గారికి, మినియాపోలిస్‌లోని ఒక బేస్‌మెంట్ నుంచి వ్రాయునది.

ఉభయకుశలోపరి. చెయ్యి వేస్తే చురుక్కుమంటున్నారు కాబట్టి తమరు క్షేమమే. క్షేమంగా లేనిది బకెట్టులో ఉన్న ఈస్టు. దాని తరఫున ఈ ఉత్తరం.

జనవరి నెల, బయట మైనస్ 20. బేస్‌మెంట్‌లో కిటికీ పక్క మూల 10, 12 డిగ్రీలు దాటడం లేదు. ఆ మూలనే కాంక్రీటు నేల మీద, ఏల్ అనే రకం బీరు ఇంట్లోనే పులియబెట్టే 19 లీటర్ల బకెట్టు కూర్చుంది. ఈస్టు ప్యాకెట్ మీద 18 నుంచి 22 డిగ్రీలు అని అచ్చేసి ఉంది. అంతకన్నా బాగా చల్లబడితే ఏల్ ఈస్టు పని మానేసి, అడుక్కి దిగి, ముసుగుతన్ని పడుకుంటుంది. ఈ బద్ధకం మీదే తమరి వ్యాపారం నడుస్తోంది. ఒక పట్టీ, లోపల సన్నటి తీగ, చివర ప్లగ్గు, మొత్తం కలిపి 20, 30 వాట్లు. బకెట్టు నడుముకి చుట్టి ప్లగ్గు పెట్టేస్తే ఇక నిశ్చింత అని తమరి మాట.

మిమ్మల్ని మొదటిసారి చూడగానే మా ఆవిడ వడ్డాణం అంది. ఆ పేరే నిలిచిపోయింది. పెళ్ళికి మా అమ్మ పెడతానన్న వడ్డాణం గుంటూరు నుంచి ఇంకా బయల్దేరనే లేదు, బకెట్టుకి మాత్రం రెండ్రోజుల్లో గుమ్మం ముందుకొచ్చి వాలింది అన్నది ఆవిడ ఫిర్యాదు. అది మా అమ్మ చూసుకోవాల్సిన కేసు, మీకు సంబంధం లేదు. కానీ ఆవిడ రెండో మాట మీకు తగులుతుంది. "నా దోసెల పిండి ఓవెన్‌లో పెట్టి లైటు వేస్తే చాలు, పొద్దున్నకి గిన్నె దాటి పొంగుతుంది. మీ బీరుకి ఇంత ఆర్భాటం దేనికండీ?"

ఆవిడకి చెప్పిన జవాబు మీరూ వినండి. పిండిని పులియబెట్టేది ముఖ్యంగా బాక్టీరియా. దానికి 30 డిగ్రీల వెచ్చదనం అంటే ప్రాణం, రాత్రికి రాత్రే పని ముగిస్తుంది. కాస్త ఎక్కువ పులిస్తే అల్లం పచ్చడితో సర్దుకుపోతాం. బీరు అలా కాదు, వారం పది రోజుల పని. 30 డిగ్రీల్లో మామూలు ఏల్ ఈస్టు కూడా హుషారుగానే ఉంటుంది. ఆ హుషారులోనే ఫ్యూసెల్ ఆల్కహాల్‌లాంటి అక్కర్లేని సరుకంతా తయారుచేస్తుంది. గ్లాసు ముక్కు దగ్గరికి తెస్తే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన, గొంతులో మంట. దానికి ఏ పచ్చడీ పనిచేయదు. పైగా ఆ ఓవెన్‌లో బకెట్టు పట్టదు. పట్టినా ఆవిడ పెట్టనివ్వదు.

ఇప్పుడు అసలు అభియోగానికి వద్దాం. పులిసే బీరు తనంతట తానే వేడెక్కుతుంది. ఈస్టు చక్కెర తింటున్నంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది. జోరు మీదున్నప్పుడు బకెట్టు లోపల గది కంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. ఈస్టు వేసిన మర్నాడు మూత కింద గోధుమరంగు నురగ పేరుకుంటుంది, ఎయిర్‌లాక్ (లోపలి గాలిని బయటికి వదిలే మూత మీది గొట్టం) బుడుంగు బుడుంగుమని ఆగకుండా కొట్టుకుంటుంది. అప్పుడు మీరు చేయాల్సింది నోరు మూసుకుని పక్కన కూర్చోవడం. మీరేమో అదే 25 వాట్లు అదే పనిగా పోస్తుంటారు. పైన మేము కప్పిన రగ్గు ఆ వేడిని బయటికి పోనివ్వదు. బకెట్టుకి అంటించిన థర్మామీటర్ స్టిక్కర్ 20 దాటి, 22 దాటి, 26 చూపిస్తుంది. బుడగలు చూసి ఇదంతా తమరి చలవే అనుకుంటారు. చలవా? అదే ఉంటే ఈ గొడవే లేదు.

నాలుగైదు రోజులకి చక్కెర అయిపోవస్తుంది, ఈస్టు సొంత వేడి తగ్గిపోతుంది. బేస్‌మెంట్ చలి వచ్చి బకెట్టుని పట్టుకునేది అప్పుడే. ఈస్టుకి ఇల్లు ఊడ్చుకునే పని మిగిలేది కూడా అప్పుడే. వెన్న వాసన వేసే డయాసిటైల్, పచ్చి ఆపిల్ వాసన వేసే అసిటాల్డిహైడ్, రెండూ అది మొదట్లో తానే వదిలినవి. వాటిని మళ్ళీ లోపలికి తీసుకుని శుభ్రం చేయాలంటే ఈస్టు మెలకువగా ఉండాలి, ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువే ఉన్నా మంచిది. మీరు నిజంగా పనికొచ్చే రోజులు అవే. కానీ రెండో రోజు మీ దూకుడు చూసి హడలిపోయినవాడెవడైనా అప్పటికే మీ ప్లగ్గు పీకేసి ఉంటాడు. ఈస్టు మళ్ళీ ముసుగుతన్నుతుంది. బీరులో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో చెప్పే హైడ్రోమీటర్ 1.012కి దిగాల్సింది 1.020 దగ్గరే వేలాడుతుంది. అది చూసుకోకుండా సీసాల్లో పోసి, వేసవి రాగానే ఆ ఈస్టు లేచి మిగిలిన చక్కెర మీద పడితే సీసాలు టపాకాయల్లా పేలతాయి. తుడుచుకునేది మేము.

మీకు థర్మోస్టాట్ ఎందుకు లేదని అడిగితే, బెల్టుని కిందికి జరిపితే వేడి ఎక్కువ, పైకి జరిపితే తక్కువ అని సమాధానం. అంటే వడ్డాణాన్ని నడుము మీంచి చంకల దాకా లాగడమే మీ దగ్గరున్న రెగ్యులేటర్.

ఒక చిన్న మాట, చరిత్ర గురించి. 1553లో జర్మనీలోని బవేరియాలో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాయకూడదని కట్టడి చేశారు, ఎండాకాలంలో చెడిపోతోందని. చలికాలంలోనే కాచుకుని చల్లటి నేలమాళిగల్లో దాచుకున్నారు. ఆ చలికి అలవాటుపడ్డదే లాగర్ అనే మరో రకం బీరు ఈస్టు. దానికి 9 నుంచి 13 డిగ్రీలు చాలు. మా బేస్‌మెంట్ మూల దానికి పుట్టిల్లు. మరోవైపు నార్వే పల్లెల్లో క్వైక్ అనే ఈస్టు ఉంది, 30 దాటినా, 40కి దగ్గరపడినా చక్కగా పనిచేస్తుంది. అక్కడి రైతులు గోరువెచ్చగా ఉండగానే ఈస్టు వేసి, తొట్టికి దుప్పటి కప్పేవాళ్ళు. ఆ రెండు జాతులకీ మీతో పనిలేదు. జనవరిలోనే, ఈ మూలలోనే, ఏల్ ఈస్టుతోనే చేయాలన్న మా పంతం మీద మీరు బతుకుతున్నారు. ఆ పంతానికి 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం అండ ఉంది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్ల దాకా సొంతానికి కాచుకోవచ్చు, అమ్మకూడదంతే. మన ఊళ్ళో ఈ బకెట్టు పెడితే ఈపాటికి ఎక్సైజ్ వాళ్ళు తలుపు కొట్టేవాళ్ళు. కాబట్టి పంతం మానం. మీ పద్ధతే మార్చాలి.

నేటి నుంచి తమరి ప్లగ్గు గోడకి కాదు, వేడి చూసి కరెంటు ఇచ్చి ఆపే కంట్రోలర్‌కి పెట్టబడును. దాని సెన్సర్‌ని బకెట్టు పక్కకి, తమరికి అందనంత దూరంలో, టేపుతో అంటించి పైన మడతపెట్టిన గుడ్డ కప్పాం. దాన్ని గాలిలో వేలాడదీస్తే మీకు పండగే. బేస్‌మెంట్ గాలి ఎప్పటికీ 20కి రాదు, మీరు ఎప్పటికీ ఆగరు. మొదటి మూడు రోజులు 19 డిగ్రీలు. ఈస్టు తన వేడి తాను చూసుకుంటుంది, మీరు చాలావరకు సెలవులో ఉంటారు. నాలుగో రోజు నుంచి 21, అప్పుడు చూపించండి మీ ప్రతాపం. బకెట్టు కింద థర్మాకోల్ పలక వేశాం, లేకపోతే మీరిచ్చిన వేడిలో సగం నేలే తాగేస్తుంది. ఈ షరతులు నచ్చకపోతే మీ స్థానంలో నీళ్ళ టబ్బు, అందులో చేపల తొట్టి హీటరు వస్తాయి. దాని ధర మీకన్నా పెద్ద ఎక్కువేం కాదు, దానికి థర్మోస్టాట్ పుట్టుకతోనే ఉంది.

ఇట్లు,
బకెట్టు యజమాని

తా.క.: పక్కన కొత్తగా వచ్చిన గాజు కార్బాయ్ (బీరు పులియబెట్టే పెద్ద సీసా) జోలికి పోవద్దు. ఒక్కచోటే వేడి తగిలితే గాజు పగలొచ్చు. దానికి రగ్గు చాలు.