సాగ్వాన్ ఊళ్ళో ఉండి ప్లైవుడ్డా అని అడిగినవాళ్ళకి

మాది మహారాష్ట్రలోని బల్లార్షా, సాగ్వాన్‌కి, అంటే టేకుకి, పేరున్న ఊరు. నెల రోజులుగా ఇంటికొచ్చిన ప్రతి చుట్టం అదే మాట. "బల్లార్షాలో ఉండి పుస్తకాల అల్మారా ప్లైతో చేయించినవా?" ఒక మామయ్యయితే తలుపు దగ్గరే ఆగిపోయి, అరని వేలితో కొట్టి చూసి, పెదవి విరిచి సోఫాలో కూర్చున్నాడు. చాయ్ తాగినంత సేపూ అయోధ్య గుడికి 2023 మార్చిలో మన కలప డిపో నుంచి టేకు ఊరేగింపుగా వెళ్ళిన సంగతే. నిజమే మామా, నేను కూడా రోడ్డు మీద నిలబడి చూశాను. కానీ అది గుడికి. నాది పది అడుగుల గది. అందులో ఒక టేబులు, ఒక లాప్‌టాపు, అట్టపెట్టెల్లో మూలుగుతున్న పుస్తకాలు.

టేకు మీద నాకు కోపం లేదు. టేకు అయితే చాలు, లెక్క అక్కర్లేదు అనుకునే మన ధీమా మీదే కోపం. మా నాన్న చేయించిన పాత అల్మారా అచ్చమైన ఆలాపల్లి అడవి టేకు. ఒక్కో అర నాలుగడుగులు, మధ్యలో ఆధారం లేదు. ముప్పై ఏళ్ళ నిఘంటువులు, పాత వారపత్రికల కట్టలు మోసీ మోసీ ఆ అర కుంగిపోయింది. ఈ చివర నుంచి ఆ చివరకి దారం లాగి చూస్తే నడుమ నా చిటికెన వేలు దూరింది. పుస్తకాల వరస అడుగుకి ఎనిమిది, తొమ్మిది కిలోలు తూగుతుంది. అరని రెట్టింపు పొడవు చేస్తే వంగడం రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. నాలుగడుగుల అరకి సరిగ్గా నడుమ ఒక నిలువు పలక వేసి ఉంటే ఆ వేలు దూరేది కాదు. చెక్క ఏదైనా అంతే.

అందుకే నా అరలు 30 ఇంచులు దాటలేదు. 18 మి.మీ. ప్లై, ముందు అంచుకి ఇంచున్నర టేకు పట్టీ నిలువుగా. ఆ పట్టీ అందానికే అనుకుంటారు, నిజానికి అర వంగకుండా పట్టుకునేది అదే. ఊరి పరువు కూడా అక్కడే నిలబెట్టాను, మామకి చెప్పండి. ఇంకో మాట, మే నెలలో మన చంద్రపూర్ ఎండకి వెడల్పాటి టేకు పలక ఎండి కుంచించుకుపోతుంది, వానాకాలం ఉబ్బుతుంది, అతుకులు నోళ్ళు తెరుస్తాయి. పొరలు అడ్డంగా, నిలువుగా అతికించిన ప్లైకి ఆ బాధ తక్కువ. అయితే ప్లై పేరుతో పార్టికల్ బోర్డు కొనకండి. ఆన్‌లైన్‌లో వచ్చేవి చాలావరకు అవే. బరువుకి వంగుతాయి, నీళ్ళు తగిలితే అంచులు బూరెల్లా పొంగుతాయి.

ఇక అరలు పైకీ కిందకీ జరగాలన్నాను. మా మేస్త్రీ సిరొంచ దిక్కు మనిషి, గోదావరి అవతల కాళేశ్వరంలో ఆయన చుట్టాలు. నిలువు పలకకి వరసగా బొక్కలు పెట్టాలని, వాటిలో గుచ్చిన పిన్నుల మీద అర కూర్చుంటుందని కాగితం మీద గీసి చూపిస్తే కాసేపు అలాగే చూశాడు.

"గిన్ని బొక్కలెందుకు సారూ? చెద పట్టినట్టు కనబడుతది."

నవ్వొచ్చింది గానీ, ఆయన భయం తప్పు కాదు. కిందనుంచి పైదాకా బొక్కలు పెడితే అలాగే ఉంటుంది. ఫ్యాక్టరీల్లో 32 మి.మీ.కి ఒకటి, ముందు అంచు నుంచి 37 మి.మీ. లోపలికి, 5 మి.మీ. బొక్క అని ఒక లెక్క ఉంది. మనకి ప్రతి చోటా అక్కర్లేదు, అర రాగల చోట ఐదారు చాలు. మన తెలుగు నవల ఎనిమిదిన్నర ఇంచులుంటుంది, ఆఫీసు ఫైలు పన్నెండుకి పైనే. ఈ రెండింటికీ ఒకే ఎత్తు గూడు కడితే నవల మీద బెత్తెడు గాలి, లేదంటే ఫైలు అడ్డంగా పడుకుంటుంది. మన ఇళ్ళలో షోకేసులన్నీ ఇంతే: ఇత్తడి ఏనుగు కోసం కట్టినవి, పుస్తకాలు తర్వాత వచ్చి సర్దుకోవాలి.

తప్పు కూడా చెప్తాను. బొక్కలన్నీ ఒకే లెక్కలో రావడానికి 12 మి.మీ. ప్లై ముక్కకి బొక్కలు పెట్టి అచ్చు పట్టీ చేసుకున్నాం, ప్రతి పలకకీ దాన్ని ఆనించే బొక్కలు పెట్టాం. మొదటి బొక్క ఒక చివర నుంచి 40 మి.మీ., ఇంకో చివర నుంచి 56. ఒక పలకకి వెనక వరస వేసేటప్పుడు పట్టీ తలకిందులైంది. గుర్తు పెట్టుకోకపోవడం నా పొరపాటు, మేస్త్రీది కాదు. అర పెట్టగానే విరిగిన మంచంలా ఊగింది. రసమట్టం పెట్టి చూస్తే గానీ ఎక్కడ తేడా వచ్చిందో తెలీలేదు. ఆ తొమ్మిది బొక్కల్లో వెదురు పుల్లలు ఫెవికాల్‌తో దిగ్గొట్టి, చెక్కి, మళ్ళీ బొక్కలు పెట్టాం. పేపర్ మిల్లు ఊళ్ళో వెదురుకేం కరువు! ఆ గుండ్రటి మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి, కింద అరలో బైండింగులు అడ్డం పెట్టాను.

అలాగని అన్ని అరలూ జరగాలని పట్టుబట్టకండి. ఏడడుగుల ఎత్తు అల్మారాకి నడుమ ఒక అర స్క్రూలతో గట్టిగా బిగించాల్సిందే. లేకపోతే నిలువు పలకలు బయటికి ఉబ్బి, పిన్నుల మీద అర జారుతుంది. వెనక 6 మి.మీ. ప్లై కొట్టాలి, పైన గోడకి క్లాంపు వేయాలి. పిల్లలు ఎక్కుతారు, చెప్పినా ఎక్కుతారు.

లోతు విషయంలో మాత్రం ఇంట్లో వాళ్ళతో గొడవే అయింది. పదిహేను ఇంచులుంటే రెండు వరసలు పడతాయని. వెనక వరస అంటే ఏంటో తెలుసా? ఉన్న పుస్తకాన్నే మళ్ళీ కొనడం. నేను అలా రెండుసార్లు కొన్నాను. తొమ్మిది ఇంచుల పైచిలుకు పెట్టుకుంటే 8x4 షీటు ఐదు పట్టీలుగా కోసుకోవచ్చు, పట్టీకి మూడు అరలు, మొత్తం పదిహేను, వృథా చాలా తక్కువ. ఫైళ్ళని కాస్త ముందుకి పొడుచుకొచ్చేలా పెట్టుకున్నాను, కొంపేం మునగలేదు.

పని అయిపోయిన రోజు మేస్త్రీ ఆ బొక్కల పట్టీని చేతిలో తిప్పుతూ, "ఇది ఇస్తరా సారూ, రాజురాలో ఒక ఇంట్లో పని పడ్డది" అన్నాడు. ఇచ్చాను. ఈసారి దాని మీద నీలం పెన్నుతో పెద్దగా 'పైన', 'ముందు' అని రాసి మరీ ఇచ్చాను. ఇంకా తిరిగి రాలేదు. ఆ దిక్కున ఎవరింట్లోనైనా కనబడితే కాస్త అడిగి పెట్టండి, నాకింకా ప్రింటరు బల్ల చేయించాల్సి ఉంది.