డాక్టరు సంతకంతో పనేముంది?

బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 16న ఇచ్చిన తీర్పుతో అక్కడి ట్రాన్స్‌జెండర్లకు చట్టం అండ పోయిందని కొందరు సంబరపడ్డారు, కొందరు కంగారుపడ్డారు. రెండు వర్గాలదీ తొందరపాటే. 2010 సమానత్వ చట్టంలో ‘స్త్రీ’ అంటే పుట్టుకతో స్త్రీ అని ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చిన మాట నిజం. లింగమార్పిడిని నిర్వచించి, ఆ కారణంగా ఎవరిపైనా వివక్ష చూపకుండా రక్షణకు ఆధారమైన ఏడో సెక్షన్‌ను మాత్రం వాళ్లు కదపలేదు. ఆ రక్షణ అలాగే ఉంటుందని తీర్పులోనే చెప్పారు.

ఆ సెక్షన్ వెనక ఒక ఉద్యోగి పడ్డ బాధ ఉంది. కార్న్‌వాల్ కౌంటీ కౌన్సిల్ నడిపే విద్యాసంస్థలో ఒక మేనేజర్, తాను స్త్రీగా మారబోతున్నానని 1992 ఏప్రిల్‌లో పైఅధికారికి చెప్పారు. ఆపరేషన్ల కోసం సెలవులో ఉండగానే సెప్టెంబరులో నోటీసు వచ్చింది. డిసెంబరు 31తో ఉద్యోగం ఆఖరు. ఈలోగా స్త్రీగా ఆఫీసుకు వస్తానన్నా రానివ్వలేదు. కేసు యూరోపియన్ న్యాయస్థానానికి చేరినప్పుడు బ్రిటన్ ప్రభుత్వం చేసిన వాదన వింటే ముక్కున వేలేసుకోవాల్సిందే: ఆడ నుంచి మగగా మారేవారినైనా ఇలాగే తీసేసేవారు కదా, ఇక ఇందులో లింగవివక్ష ఎక్కడుంది అని! 1996లో న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది. 1999లో బ్రిటన్ నిబంధనలైతే తెచ్చింది గానీ, వైద్యుల పర్యవేక్షణలో జరిగే మార్పిడికే రక్షణ అని మెలిక పెట్టింది.

2010 చట్టం ఆ మెలిక తీసేసింది. మారాలని నిర్ణయించుకున్నవారు, మారుతున్నవారు, మారినవారు అందరికీ ఒకటే రక్షణ. ఆపరేషన్ అవసరం లేదు, ప్రభుత్వ సర్టిఫికెట్ అవసరం లేదు. ఇదే సరైన పద్ధతి అని మేం భావిస్తున్నాం. ఉద్యోగం ఊడేది ఆపరేషన్ అయ్యాక కాదు, విషయం బయటపెట్టిన రోజునే. వివక్ష చూపేవాడు మెడికల్ రిపోర్టులు తిరగేసి చూపడు. ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తామనడం చట్టవిరుద్ధమని మన సుప్రీంకోర్టు కూడా 2014లోనే చెప్పింది.

స్త్రీలుగా మారినవారిని మహిళల టాయిలెట్లు, ఆస్పత్రి వార్డులు, ఆశ్రయ గృహాల్లోకి రానివ్వడంపై స్త్రీల ఆందోళనను కొట్టిపారేయలేం. ఆ చర్చ వేరే జరగాలి. దాన్ని సాకుగా చూపి ఏడో సెక్షన్‌ను మళ్లీ డాక్టరు గుమ్మం దగ్గరికి తీసుకెళ్లాలని ఎవరు అడిగినా బ్రిటన్ పార్లమెంటు ఒప్పుకోకూడదు.

అందులో సరిచేయాల్సింది వేరే ఉంది. ఆడా మగా రెండూ కాదనుకునేవారి ఊసు సెక్షన్‌లో లేదు. 2020లో ఒక ఉపాధి ట్రిబ్యునల్ కార్ల కంపెనీ ఇంజినీరు కేసులో వారికీ రక్షణ ఉందంది. కింది స్థాయి ట్రిబ్యునల్ మాటకు మిగతావి కట్టుబడనక్కర్లేదు. పార్లమెంటే ఆ మాటను చట్టంలో చేర్చాలి.