రాత్రి షిఫ్ట్ వాళ్ళు ఏ ఫొటోలోనూ లేరు

ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న లాంకాషైర్ పత్తి మిల్లుల ఊళ్ళ కథ ఎవరు చెప్పినా ఒకేచోట ఆపేస్తారు. "ఆ తర్వాత మిల్లులు మూతపడ్డాయి" అంటారు, టీ కప్పు కింద పెడతారు, అక్కడితో సరి. లైబ్రరీలో ఊరి చరిత్ర పుస్తకాలదీ అదే వరస, చర్చి హాల్లో పెట్టే జ్ఞాపకాల సమావేశాలదీ అదే వరస. నాకు దీనిమీద చాలాకాలంగా ఒళ్ళుమంట. మూతపడే ముందు ఇరవై ఏళ్ళ పాటు ఆ మిల్లుల్ని రాత్రిళ్ళు నడిపిన మనుషులు ఇదే ఊళ్ళో, రెండు వీధుల అవతల ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళని పిలిచి అడిగే నాథుడు లేడు.

నాది సిరిసిల్ల. సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగితే నిద్రలోంచి లేచి కూర్చునే ఊరు. ఇప్పుడు అదే లాంకాషైర్‌లో బర్న్‌లీ దగ్గర ఉంటున్నాను, పని కంప్యూటర్ మీద. అయినా మగ్గం మాటెత్తితే చెవులు అటే పోతాయి.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. ఊరి సంగతులు దాచుకోవడంలో వీళ్ళని చూస్తే కుళ్ళు పుడుతుంది. నాలుగు వీధులున్న పల్లెకి కూడా ఒక చరిత్ర సంఘం ఉంటుంది. 1801 నుంచీ పదేళ్ళకోసారి జనాభా లెక్కలు తీస్తున్నారు. పేర్లున్న కాగితాల్ని వందేళ్ళు దాచి తర్వాత అందరికీ తెరుస్తారు. 1921 నాటివి 2022 జనవరిలో తెరిచారు. 1931 నాటివి అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు లెక్కలే తీయలేదు. ఆ నష్టం గురించి ఇక్కడి ముసలాయన ఎవరైనా మాట్లాడితే సొంత ఇల్లు తగలబడ్డంత బాధ పడతాడు. నేను అద్దెకున్న ఇంట్లో వందేళ్ళ క్రితం ఎవరున్నారో, వాళ్ళలో ఎంతమంది మగ్గం పని చేశారో నాకు తెలుసు. మా ముత్తాత ఏ ఊర్నుంచి సిరిసిల్లకి వచ్చాడో మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఇక జ్ఞాపకాలు. మా పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంది. చిన్నా పెద్దా, ఆడా మగా, తెలుపూ నలుపూ తేడా లేకుండా అందర్నీ "లవ్" అని పిలుస్తుంది, ఇక్కడి అలవాటు అది. పదిహేనేళ్ళకే మిల్లులో చేరింది. వందలకొద్దీ మగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి ఆడవాళ్ళు పెదాలు పెద్దగా కదిలిస్తూ, చేతులతో సైగలు కలిపి మాట్లాడుకునేవారు. దాన్ని మీ-మాయింగ్ అంటారు. బస్సులో ఆ చివర్న కూర్చున్నవాళ్ళ గుట్టు ఈ చివర్నించి చదివేసేదాన్నని ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. మగ్గంలో అడ్డదారాన్ని అటూ ఇటూ మోసే నాడె కన్నంలోంచి దారం రావడానికి నోటితో పీల్చేవారు. దాని ముద్దుపేరు "నాడెను ముద్దాడటం". ఒకే నాడె పదిమంది నోళ్ళలో తిరిగేది, రోగాలు కూడా దాంతోపాటే తిరిగేవి. ఆవిడ అమ్మమ్మ పన్నెండేళ్ళకే సగం రోజు మిల్లు, సగం రోజు బడి. 1918 విద్యా చట్టం వచ్చాకే ఆ పద్ధతి పోయింది. మధ్యాహ్నం బడిలో పిల్లలు బల్లల మీద తలపెట్టి నిద్రపోయేవారట. దూదిపింజల ధూళికి ఊపిరితిత్తులు పాడై, ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే ఆయాసం ముంచుకొచ్చేది. ఆ జబ్బుకి "సోమవారం జ్వరం" అని పేరు కూడా పెట్టుకున్నారు.

సంతోషాలు లేవని కాదు. వేక్స్ వారం వస్తే ఊళ్ళో మిల్లులన్నీ ఒకేసారి ఆపేవారు. ఏడాదంతా వారంవారం కూడబెట్టిన డబ్బు పట్టుకుని ఊరు ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రానికి పోయేది. వీధిలో ఎవరు పక్కనుండేవారో అక్కడి అద్దెగదుల్లోనూ వాళ్ళే పక్కన. పొగ ఆగిపోవడంతో, ఊళ్ళో మిగిలినవాళ్ళకి చుట్టూ ఉన్న కొండలు ఆ ఒక్క వారమే శుభ్రంగా కనిపించేవి. మిగతా రోజుల్లో పొద్దున్నే వాకిలి మెట్టు కడిగి, పాతబట్టలవాడు బదులుగా ఇచ్చిన రాయితో అంచు తెల్లగా రుద్దితేగాని ఇల్లాలికి పరువు దక్కేది కాదు. మన వాకిట్లో ముగ్గు లేకపోతే పక్కింటావిడ చూసే చూపు గుర్తుందిగా, అచ్చం అదే.

మా బాపు వచ్చినప్పుడు హార్ల్ సైక్‌లో ఉన్న క్వీన్ స్ట్రీట్ మిల్లుకి తీసుకెళ్ళాను. ఆవిరితో నడిచే నేత మిల్లుల్లో ప్రపంచంలో ఇంకా పనిచేసేది అదొక్కటే మిగిలింది. 1982లో ఉత్పత్తి ఆగింది, తర్వాత మ్యూజియం అయింది. 500 గుర్రాల శక్తి ఉన్న ఆ ఇంజన్ పేరు "పీస్", అంటే శాంతి. నిధుల కోతతో 2016లో దాన్నీ మూసేసి, జనం గోల చేశాక మళ్ళీ తెరిచారు. మగ్గాలు ఆడించి చూపించే మనిషి చెప్పేది బాపు వినలేదు. నేరుగా మగ్గం దగ్గరికి పోయి, వంగి, కిందామీదా చూసి, "గిది మన సాంచనే గదరా" అన్నాడు. తర్వాత ఆ మనిషీ ఈయనా భాష లేకుండానే దారం ఎక్కడ తెగుతుందో వేళ్ళతో చూపించుకుంటూ అరగంట గడిపారు. నాకు అనువాదం చేసే పని పడలేదు.

మరి ఇంత ప్రేమగా దాచుకున్న కథలోంచి రాత్రి షిఫ్ట్ వాళ్ళు జారిపోయిన ఆ కన్నం ఎక్కడ పడింది?

1912 ప్రాంతంలో ఈ మిల్లులు ఏడాదికి దాదాపు 800 కోట్ల గజాల బట్ట నేసేవి. అందులో అతి పెద్ద గిరాకీ మనదే. బ్లాక్‌బర్న్ అయితే మనదేశానికి పంచెలు నేయడంలోనే పేరుమోసింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దిగజారుడు మొదలైంది. 1958కి వచ్చేసరికి బ్రిటన్ అమ్మే నూలుబట్ట కంటే కొనేదే ఎక్కువైపోయింది. మరుసటి ఏడాది ప్రభుత్వం చట్టం చేసి, పాత యంత్రాల్ని తుక్కు కింద కొట్టడానికి, కొత్తవి కొనుక్కోవడానికి డబ్బులిచ్చింది. కొత్త యంత్రాలు ఖరీదైనవి, రోజుకి ఇరవై నాలుగు గంటలూ తిరిగితేనే గిట్టుబాటు. రాత్రి ఎవరు నడపాలి? 19వ శతాబ్దపు ఫ్యాక్టరీ చట్టాల నాటి నుంచీ ఆడవాళ్ళు రాత్రి పని చేయడానికి వీల్లేదు. ఇక్కడి మగవాళ్ళకి అంతకంటే మంచి జీతాలొచ్చే పనులు దొరుకుతున్నాయి. అప్పుడొచ్చారు పాకిస్తాన్ చేతిలోని కశ్మీర్‌లో ఉన్న మీర్‌పూర్ నుంచి, గుజరాత్ నుంచి, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి కుర్రాళ్ళు. మీర్‌పూర్ వాళ్ళలో చాలామంది ఊళ్ళు మంగ్లా డ్యామ్ కింద మునిగిపోయాయి, లక్ష మందికి పైగా కదలాల్సి వచ్చింది. ఆ డ్యామ్ పూర్తయింది 1967లో. మన నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్ళు వదిలిందీ ఆ ఏడాదే. ముంపు ఊళ్ళ మనుషులు ఎక్కడికి చెదిరిపోతారో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు జ్ఞాపకాల సమావేశానికి రండి. తెర మీద ఫొటోలు వేస్తారు. బ్లాక్‌పూల్ బీచ్, చెక్కచెప్పుల ఆడవాళ్ళు, అక్రింగ్టన్ కుర్రాళ్ళ దళం. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 జూలై 1న, ఆ దళంలో సుమారు 700 మంది దాడికి దిగితే 584 మంది చనిపోవడమో, గాయపడటమో, కనబడకుండా పోవడమో జరిగింది. ఆ ఫొటో వచ్చినప్పుడు హాల్లో గాలి కూడా కదలదు, అది న్యాయమే. తర్వాత గాంధీ ఫొటో తప్పకుండా వస్తుంది. 1931 సెప్టెంబర్‌లో డార్వెన్‌లో మిల్లు ఆడవాళ్ళు ఆయన చుట్టూ చేరి కేరింతలు కొడుతున్న ఫొటో. అందరూ నన్ను చూసి నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అంతర్యుద్ధం వల్ల అమెరికా పత్తి ఆగిపోయిన 1861–65 కరువు గురించి చెబుతారు. సూరత్ పత్తి మగ్గం మీద ముక్కలు ముక్కలుగా తెగిపోతుంటే, "దేవుడా, పత్తి పంపు, సూరత్‌ది మాత్రం వద్దు" అని మొక్కుకున్నారట. అందరూ నవ్వుతారు. వందేళ్ళ తర్వాత సూరత్, భరూచ్ జిల్లాల మనుషులే వచ్చి బోల్టన్, బ్లాక్‌బర్న్ మిల్లుల్లో రాత్రిళ్ళు నిలబడ్డారని ఒక్కరైనా అంటారేమోనని చూస్తాను. అనరు.

ఆఖర్న ఎవరో ఒకరు, చెడ్డ ఉద్దేశమేమీ లేకుండానే, "మిల్లులు పోయాయి, ఆ తర్వాత ఆసియావాళ్ళు వచ్చారు" అంటారు. నా పళ్ళు పటపటలాడేది అక్కడే. వరస తిరగబడింది చూశారా? వాళ్ళు వచ్చింది మిల్లులు ఉండగా, వాటిని నిలబెట్టడానికి. మిల్లులు పోయినప్పుడు ఇక్కడివాళ్ళతో పాటే వాళ్ళ ఉద్యోగాలూ పోయాయి. తర్వాత టాక్సీలు, కిరాణా కొట్లు, పిజ్జా దుకాణాలు. ఆ ఒక్క వాక్యంలో ముందువెనకలు మారినందుకు, పనివాడు కాస్తా పిలవని పేరంటానికి వచ్చినవాడు అయిపోయాడు.

నన్ను చాలాకాలం స్టేషన్‌కి దింపిన డ్రైవర్ చాచా ఒకాయన ఉన్నాడు. ఇప్పుడు పని మానేశాడు. నా సిరిసిల్ల ఉర్దూ విని నవ్వుకుంటూనే "బేటా" అని కబుర్లు చెప్పేవాడు. 1962లో, వలస వచ్చేవాళ్ళకి వోచర్, అంటే ముందస్తు అనుమతి చీటీ, ఉండాలనే చట్టం అమల్లోకి రాకముందే హడావుడిగా వచ్చి పడ్డాడు. ఒక ఇంట్లో పద్నాలుగు మంది. పగటి షిఫ్ట్ వాడు లేచి వెళ్తే రాత్రి షిఫ్ట్ వాడు అదే పక్క మీద, ఆ వెచ్చదనం పోకముందే పడుకునేవాడు. ఫోర్‌మన్‌కి పేర్లు పలకడం బద్ధకమై అందరికీ ఒకటే పేరు. ఆదివారం సినిమా హాలు అద్దెకి తీసుకుని హిందీ సినిమాలు వేసుకుంటే, చుట్టుపక్కల ఊళ్ళనుంచి బస్సుల్లో వచ్చి ఏడ్చి వెళ్ళేవారట. మా తాత భీవండిలో సాంచల మీద పనిచేసినప్పటి గది గురించి మా నానమ్మ చెప్పిందీ ఇదే, పక్కతో సహా. సోలాపూర్, భీవండి, ముంబై మిల్లుల్లో తెలుగువాళ్ళు ఎన్ని తరాలు అరగదీశారో ఆ ఊళ్ళ చరిత్రల్లో వెతికి చూడండి. క్వీన్ స్ట్రీట్ మిల్లు ఆగిన 1982లోనే ముంబైలో లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకి దిగి, మళ్ళీ లోపలికి పోలేకపోయారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

2001 వేసవిలో ఓల్డ్‌హామ్, బర్న్‌లీ, బ్రాడ్‌ఫర్డ్ తెల్లవాళ్ళకీ ఆసియావాళ్ళకీ మధ్య అల్లర్లతో వరసగా తగలబడ్డాయి. ఆ అల్లర్ల మీద తర్వాత వచ్చిన కాంటిల్ నివేదిక, ఈ ఊళ్ళలో జనం ఒకరికొకరు తగలకుండా సమాంతర జీవితాలు బతుకుతున్నారంది. అందరూ తలలూపారు. నాకు ఒక్కటే తోస్తుంది. సాయంత్రం షిఫ్ట్ మారేటప్పుడు ఒకే మగ్గం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయేది. ఏళ్ళ తరబడి ఒకే యంత్రాన్ని పంచుకున్నవాళ్ళు వీళ్ళు. ఊరి చరిత్ర రాసేవాళ్ళకి దీనికంటే మంచి సరుకు ఏం కావాలి?

"మేం పిలుస్తాం, వాళ్ళే రారు" అంటారు. మంగళవారం మధ్యాహ్నం, చర్చి హాల్లో, ఇంగ్లిష్ పోస్టర్ పెట్టి, ఎవరి గడపా తొక్కకుండా పిలిస్తే ఎవరొస్తారు? తప్పంతా వీళ్ళదేనని కూడా అనను. చాచా కొడుకుకి ఈ కథలంటే చిరాకు, "ఆ పాత గోడు ఎందుకు అబ్బా" అంటాడు. మా ఇంట్లోనూ అంతే, నానమ్మ భీవండి ఊసెత్తగానే టీవీ సౌండ్ పెరిగేది. ఇక ఇక్కడున్న మన తెలుగువాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కోటల ముందు ఫొటోలు, సరస్సుల ముందు ఫొటోలు, మధ్యలో కోహినూర్ మీద ఒక ఆవేశపు పోస్ట్. మచిలీపట్నంలో 1611లోనే ఈస్టిండియా కంపెనీ కొఠీ పెట్టి అద్దకం బట్టలు పట్టుకెళ్ళిందని, వాటి పోటీకి తట్టుకోలేక 1721లో ఇక్కడ బ్రిటన్‌లో అద్దకపు నూలుబట్ట కట్టుకోవడాన్నే నిషేధించారని, ఆ నీడలో పెరిగిన పరిశ్రమే ఈ మిల్లులని వీళ్ళకి చెప్పాల్సింది మనమే. చెప్పాలంటే ముందు పక్కింటివాళ్ళతో మాట కలపాలి.

మీరు ఇలాంటి ఊళ్ళో ఉంటే, తెలిసిన పెద్దమనిషి ఉంటే, "మీ జీవితం గురించి చెప్పండి" అని మాత్రం అడక్కండి. "ఏముంది బేటా, కష్టపడ్డాం" అని ముగించేస్తారు. ఏ మిల్లు, ఏ షెడ్, ఎన్ని మగ్గాలు, మొదటి వారం జీతంలో ఇంటికెంత పంపారు, రాత్రి రెండింటికి ఏం తిన్నారు, మగ్గం ఆగితే సరిచేసే టాక్లర్ ఎలాంటివాడు, భార్య ఎప్పుడొచ్చింది, ఆవిడకి ఈ ఊరు మొదట ఎలా కనిపించింది. ఆ చివరి ప్రశ్న ఆవిడనే అడగాలి. ఆయన అడ్డొస్తే టీ పెట్టుకు రమ్మనండి.

నేనొక చరిత్ర సంఘానికి చాచా చేత మాట్లాడిద్దామని రాశాను. చాలా మర్యాదగా జవాబిచ్చారు, వచ్చే ఏడాది కార్యక్రమాలు అప్పుడే నిండిపోయాయట. చాచాకి ఇప్పుడు ఎనభై మూడు. అందుకే ఈ శనివారం ఆయన మాటలు రికార్డు చేయడానికి నేనే ఫోన్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్తున్నాను. సంగతి విని పక్కింటి పెద్దావిడ తనూ వస్తానంది. ఇద్దరూ పనిచేసింది ఒకే మిల్లట. అక్కడి టాక్లర్ తనకి బాగా తెలుసని, చాచా అతన్ని మంచివాడంటే మాత్రం ఊరుకునేది లేదని ఇప్పట్నించే చెబుతోంది.