శాలువాలు తగ్గించి పొద్దున్నే లేద్దాం

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు బడి సెలవులు జూన్, జూలైలో. అందుకే అక్కడి మన తెలుగు సంఘాలు నెల్లూరులో పెట్టే కళల వారాంతం కూడా ఆ నెలల్లోనే పడుతుంది. రోహిణి కార్తె దాటింది, ఇక వానలే కదా అనుకుని టికెట్లు తీసుకుంటారు. నెల్లూరుకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నైరుతి ఇటువైపు మబ్బు చూపించి పోతుంది, అంతే. జూలైలో పడమటి గాలి మొదలైతే మిట్టమధ్యాహ్నం ట్రంకు రోడ్డు మీద కూడా జనం పలచబడతారు. అలాంటి ఊళ్లో పదింటికి జ్యోతి ప్రజ్వలన, పదకొండింటికి సన్మానాలు, రెండింటికి భోజనాలు అని కరపత్రం కొడతాం. కళాకారుడి వంతు వచ్చేసరికి హాల్లో మిగిలేది ఏసీ కోసం కూర్చున్నవాళ్లే.

మేం అడిగేది ఒక్కటే. కార్యక్రమాన్ని ఎండను బట్టీ, పనివాడి వేళను బట్టీ వేయండి. పొద్దున ఆరు నుంచి పదిన్నర, రాత్రి ఏడు నుంచి పది. మధ్యలో అన్నం, నిద్ర. రెండు రోజులకు మూడు అంశాలు చాలు.

తేదీ ఖాయం చేసే ముందు మొహర్రం ఎప్పుడో చూడండి. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ అప్పుడే. 2025లో జూలై మొదటి వారంలో వచ్చింది, ఏటా పది పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. ఆ అయిదు రోజులూ లాడ్జిలో గది దొరకదు, దర్గామిట్ట వైపు బస్సు తిరగదు. పండుగే చూడాలనుకుంటే మాత్రం వేరే కార్యక్రమం పెట్టకుండా దానికే రండి. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టెలతో పాటు విదేశీ రొట్టె కూడా అక్కడ చేతులు మారుతుంది. మన పాఠకుల్లో ఎందరి ఇళ్లవాళ్లు ఆ రొట్టె పట్టారో!

శనివారం పొద్దున వెంకటగిరి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, చీరను నెల్లూరు వాళ్లు ఇంకా వదల్లేదు. దాదాపు 70 కిలోమీటర్లు. అయిదున్నరకు బస్సు కదిలితే మగ్గం మొదలయ్యే వేళకు చేరతారు. అదేరోజు ఉదయగిరి కొయ్య చెంచాలు కూడా చూసొద్దామంటారు కొందరు. వెంకటగిరి నైరుతి మూల, ఉదయగిరి వాయవ్య మూల, నెల్లూరు నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. రెండూ పెట్టుకుంటే చూసేది హైవేనే.

గుంత మగ్గం గదిలో ఒకేసారి అయిదుగురికి మించి పట్టరు. ఇరవై మంది తోసుకుంటే వెలుతురు ఆగిపోతుంది, ఎవరి బ్యాగో పడుగుకు (మగ్గం మీది నిలువు పోగులకు) తగులుతుంది. నూరో నంబరు నూలు అది, సన్నం. పొడిగాలికి దానంతటదే తెగుతుంది. అందుకే గాలి ఆడని గదిలో, తేమ పోకుండా చూసుకుంటూ నేస్తారు. ఉక్కగా ఉందని ఫ్యాను వేయమని అడగకండి. సన్‌స్క్రీన్ రాసుకున్న చేత్తో పిల్లలు పడుగు ముట్టుకుంటే ఆ జిడ్డు తెల్లటి నేత మీద మచ్చగా మిగులుతుంది. బస్సు దిగగానే సబ్బుతో చేతులు కడిగించండి.

జాందానీ, అంటే నేతలోనే చేత్తో బొమ్మ ఎత్తే మగ్గమైతే, ఒక్క బుటా (చిన్న బొమ్మ) మొదలుపెట్టి ముగించేదాకా పిల్లల్ని కదలనివ్వకండి. పడుగు కింద బొమ్మ గీసిన కాగితం ఉంటుంది. దాన్ని చూసుకుంటూ ఒక్కో పేకకూ (అడ్డపోగుకూ) కావలసిన పోగులు వేళ్లతో ఎత్తి రంగు దారం దూర్చి, ఆ తర్వాతే పేక దారం మోసే నాడె విసురుతారు. ఎన్ని పేకలకు ఒక ఆకు పూర్తయిందో పిల్లల్నే లెక్కపెట్టమనండి. చీర ధర ఎందుకంత అని ఆ తర్వాత అడగరు. ఇంకో సంగతి. మగ్గం మీదున్న చీర చాలాసార్లు నేసేవాడిది కాదు, నూలిచ్చి కూలికి నేయించే మాస్టర్ వీవరుది. నేతగాడికి వచ్చేది కూలి. షాపులో చీర కొన్నంత మాత్రాన మీరు ఆపించిన పనికి డబ్బు ముట్టదు. రెండు గంటలు ఆపితే సగం రోజు కూలి లెక్కన విడిగా చేతికివ్వండి. ఫొటో దిగి నమస్కారం పెట్టి వచ్చేయడం మర్యాద అనిపించుకోదు.

రాత్రికి తోలుబొమ్మలాట. పురమందిరమో, కస్తూర్బా కళాక్షేత్రమో, ఏదైనా సరే హాలు తీసుకోండి. ఆరుబయట బాగుంటుంది గానీ, రాత్రి పది దాటితే మైకు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు. జూలైలో పొద్దు గూకేసరికి ఆరూ నలభై, చీకటి పడేసరికి ఏడు దాటుతుంది. మిగిలేది మూడు గంటలు. తెల్లవార్లూ ఆడే కథను గంటన్నరకు కుదించమని అడగాలంటే నెల ముందే చెప్పాలి. మొత్తం రామాయణం వద్దు, లంకాదహనం ఒక్కటీ ఆడించండి. ఆటలో నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క మోటుగా మాట్లాడతారు. పిల్లలున్నారని ముందు చెప్తే వాళ్లే సర్దుకుంటారు. మొత్తం తీసేయమంటే మాత్రం ఆట చప్పబడుతుంది.

ఈ ఆట చెడేది దాదాపు ఎప్పుడూ వెలుతురు దగ్గరే. మేకతోలును గీసి పలచన చేసి రంగు వేస్తారు, ఆ రంగు గుండా వెలుగు దూరి రావాలి. తెల్లటి ఎల్‌ఈడీ పెడితే ఎరుపు వెలిసిపోయినట్టు కనపడుతుంది. పసుపు వెలుగు బల్బులే తెర వెనక పెట్టించండి. హాల్లో పక్క ట్యూబులైట్ల స్విచ్చి ఎక్కడుందో సాయంత్రమే వెళ్లి చూసి, అక్కడ ఒక మనిషిని నిలబెట్టండి. వీడియో అతను లైటు వేశాడంటే తెర మీద ఆంజనేయుడు మాయం! మధ్యలో దాతల సన్మానం పెట్టి లైట్లన్నీ వెలిగిస్తే మళ్లీ ఆ చీకటికి కళ్లు అలవాటు పడటానికే పది నిమిషాలు. సన్మానాలు ఆటకు ముందే పదిహేను నిమిషాల్లో ముగించండి. తెర వెనక కాళ్ల కింద చెక్కలు పెట్టుకుని తొక్కుతారు, యుద్ధం చప్పుడు అదే. మైకొకటి కిందికి వంచి పెట్టించండి. చివర్లో పిల్లల్ని తెర వెనక్కి పంపండి.

డబ్బు విషయంలో చాలా సంఘాలు తడబడతాయి. విదేశీ సంఘం ఇక్కడి సంస్థకు విరాళం పంపాలంటే ఆ సంస్థకు 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై సొంత డబ్బు ఇస్తే అది దీని కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డున్నవాళ్లు విదేశీయుల కిందే లెక్క. చేసిన పనికి ఇచ్చే రుసుము విరాళం కాదు. కాబట్టి బృందంతో కాగితం రాసుకుని, ఆటకింత, రానుపోను ఖర్చింత అని రసీదుతో ఇవ్వండి. ఆడిటరుతో ఒక మాట అనుకుంటే సరి. కళాకారుడికీ అదే గౌరవం. శాలువా కప్పించుకుని ఇంటికెళ్లి పెళ్లాం చేతిలో ఏం పెడతాడు?

ఆదివారం పొద్దున బస్సు వద్దు. ఉదయగిరి నుంచి చెంచాలు చెక్కే ఒకరిని, పచ్చి నర్ది కర్రతో సహా, ముందు రోజే పిలిపించుకోండి. ఎండిన కర్ర మీద ఉలి మొరాయిస్తుంది, చూపించడానికి ఏమీ ఉండదు. నేల మీద చాప వేస్తే చాలు, స్టేజీ ఎక్కించకండి. కొన్నవాటిని డిష్‌వాషర్లో వేస్తే పగులుతాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు అక్కడ దిగేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లో కర్ర సామాను ఉందని రాయడం మరవద్దు.

పక్కనే టిఫిన్లు. శనివారం రాత్రే వండించిన చేపల పులుసు, మట్టిచట్టిలో, మామిడికాయ ముక్కలతో. దొరికితే కొరమేను. రాత్రి వడ్డిస్తే ముక్కకు పులుపు పట్టదు. పొద్దున్నే ఇడ్లీలోకి పోసుకోండి. మద్రాసు విమానాశ్రయం రెండొందల కిలోమీటర్ల లోపే, పదకొండింటికి బయల్దేరినా రాత్రి విమానం అందుతుంది.