ఫ్రెంచి మొదలుపెట్టారా? అయితే ముందు కొండచిలువ

ఫ్రెంచి నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు వారాలైన మనిషి "చదువుకోడానికి తేలికైన పుస్తకం ఏదైనా చెప్పండి" అని ఎవరినైనా అడిగి చూడండి. ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చి పడుతుంది. లె పెతీ ప్రాన్స్! చిన్న రాకుమారుడు అన్నమాట, ఫ్రెంచిలో పేరుమోసిన పిల్లల కథ. అడిగినవాడికి బోంజూర్ తర్వాత ఏమనాలో ఇంకా తెలియదు, అయినా సరే, లె పెతీ ప్రాన్స్. ఎందుకండీ అంటే పుస్తకం పల్చగా ఉంటుంది, బొమ్మలుంటాయి అంటారు. ఈ లెక్కన ఇన్సూరెన్సు కరపత్రం కూడా తేలికే. అదీ పల్చగానే ఉంటుంది, పైగా నవ్వుతున్న కుటుంబం బొమ్మ కూడా ఉంటుంది.

పుస్తకం మీద నాకేం కోపం లేదు. దాన్ని రాసిన విమాన చోదకుడు సాంతెక్జుపెరీ 1943లో న్యూయార్క్‌లో అచ్చుకిచ్చాడు, మరుసటి ఏడాది విమానంతో సహా మాయమైపోయాడు, తన కథని తీసుకెళ్లి ఒకటో వాచకం చేస్తారని పాపం ఆయనకేం తెలుసు. మొదటి పేజీలోనే ఓ కొండచిలువ ఓ మృగాన్ని మింగుతూ ఉంటుంది. మన విద్యార్థి సంపాదించే మొదటి పదజాలం ఏమిటయ్యా అంటే: క్రూరమృగం, ఎర, నమలడం, జీర్ణం కావడం. మింగింది అరగడానికి ఆ పాముకి ఆరు నెలలు పడుతుందట. నా మిత్రుడికి ఆ పేజీ అరగడానికీ ఇంచుమించు అంతే పట్టింది. వాడి పుస్తకం నేను చూశాను. ప్రతి మాట నెత్తినా పెన్సిల్‌తో అర్థం, అర్థం పక్కన ప్రశ్నార్థకం, కొన్నిచోట్ల చెరిపి చెరిపి కాగితం పల్చబడి అవతలి పక్క అక్షరాలు కనిపిస్తున్నాయి. మూడో పేజీ సగం దాకా ఇదీ వరస. అక్కడి నుంచి చివరిదాకా ఒక్క గీత లేదు, షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టు తెల్లగా ఉంది.

అసలు గండం ఆ చిన్న రాకుమారుడు ఎడారిలో, కథ చెప్పే మనిషి ముందు ప్రత్యక్షమయ్యాక మొదలవుతుంది. "సిల్ వూ ప్లే" అని మీరుతో మొదలుపెట్టి, అదే వాక్యంలో నువ్వులోకి దిగిపోయి గొర్రె బొమ్మ గియ్యమంటాడు. ఎవరిని మీరనాలో ఎవరిని నువ్వనాలో అన్న పాఠం మనవాడికి అంతకుముందు రోజే అయింది. ఇక కథ నడుస్తున్నకొద్దీ పాసే సాంప్ల్ వచ్చి కూర్చుంటుంది. ఇది ఫ్రెంచిలో రాతకి మాత్రమే మిగిలిన భూతకాలం, మన వచ్చెను, చూచెను, పలికెను లాంటిది. మాట్లాడుకునేటప్పుడు దీన్ని వాడరు. క్లాసులో మొదటి ఏడాది చెప్పరు కూడా. ఆ రూపాలు మామూలు డిక్షనరీలో నేరుగా దొరకవు. దొరికినా గొడవే: "ప్లూ" అని ఒకటుంది, వాన కురిసెను అనీ అవుతుంది, నచ్చెను అనీ అవుతుంది. "వీ" అంటే చూచెను. బతుకుతున్నాడు అని కూడా. మంచిది, చదువుకోండి, తేలికే కదా!

లె పెతీ ప్రాన్స్ మరీ అందరూ చెప్పేదే అయిపోయిందని సిగ్గుపడే సలహాదారులు కొందరుంటారు. వాళ్లు ఇంకో మెట్టెక్కి జానపద కథలు చదవమంటారు. పెరో అనే ఫ్రెంచి రచయిత 1697లో అచ్చువేసిన ఎర్ర టోపీ పిల్ల కథలో, అమ్మమ్మ గుమ్మం దగ్గర ఓ వాక్యం ఉంది: మేకు లాగితే గడియ పడుతుంది అని. అందులో "షెర్రా" అన్న క్రియ ఒకటి, పడుతుంది అని. ఈ రూపాన్ని ఫ్రెంచివాళ్లు కూడా ఈ కథ గుర్తొచ్చినప్పుడు తప్ప వాడరు. మూడో వర్గం కామిక్సు వర్గం. వీళ్లు ఆస్టెరిక్స్ ఇస్తారు. అందులో పాటగాడి పేరు అస్యురాన్స్‌తూరిక్స్, అంటే సమస్త ప్రమాదాలకూ వర్తించే బీమా అని శ్లేష. ఎక్కడికెళ్లినా ఇన్సూరెన్సే!

ఇప్పుడు ఈ మూడూ పూర్తిచేసిన బుద్ధిమంతుడు పారిస్‌లో రైల్వే టికెట్ కౌంటర్ ముందు నిలబడ్డాడనుకోండి. లియోన్‌కి టికెట్ కావాలి. వెనక క్యూ ఉంది. మనవాడు గొంతు సవరించుకుని "నేను నిన్న ఈ నగరమునకు వచ్చితిని" అన్నాడు. లోపలి మనిషి సరే, తర్వాత అన్నట్టు చూసింది. రైలు ఎన్నింటికో అడగాలి, ఆ మాట ఏ పుస్తకంలోనూ రాలేదు. కొండచిలువ ఎంతసేపు నిద్రపోతుందో మాత్రం తెలుసు, చెప్పాడు. ఆవిడ గాజు తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. రానూపోనూ టికెట్టా అని అడిగింది. అర్థం కాలేదు, తలుపు గురించేమో అనుకుని, మేకు లాగితే గడియ పడునని భరోసా ఇచ్చాడు. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుంది. కంగారులో మర్యాద గుర్తొచ్చి, మీరుతో మొదలుపెట్టి నువ్వుతో ముగిస్తూ, గొర్రె బొమ్మ గియ్యమని బతిమాలాడు. లియోన్ రైలు వెళ్లిపోయింది. మనవాడి ఫ్రెంచిలో వ్యాకరణ దోషం ఒక్కటి లేదు.

పిల్లల పుస్తకమే కదా అంటారా? ఫ్రెంచి పిల్లవాడు అలాంటి కథ చేతిలోకి తీసుకునేసరికి ఐదారేళ్లు పొద్దస్తమానం ఆ భాష విని ఉంటాడు. ముళ్లపంది, ఉడుత, గడియ, అన్నీ ఎప్పుడో తెలుసు. తెలియనివి అక్షరాలు మాత్రమే. మనవాడికి అక్షరాలొచ్చు, మిగతాది ఏదీ రాదు. హూ, నేషన్ అని ఇద్దరు పరిశోధకులు 2000లో, ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల మీద చేసిన పరిశీలనలో, కథ ఎవరి సాయమూ లేకుండా అర్థం కావాలంటే దాదాపు 98 శాతం మాటలు ముందే తెలిసుండాలన్నారు. అంటే యాభైలో ఒకటే కొత్తది. సలహాదారుగారూ, మీరిచ్చిన పుస్తకంలో వాడికి యాభైలో తెలిసినవి ఎన్ని?

మీరు ఎప్పుడు చదివారండీ ఆ పుస్తకం? ఫ్రెంచి నాలుగేళ్లు నేర్చుకున్నాక చదివారు. లేదా అనువాదంలో చదివి, కథంతా నోటికొచ్చాక ఫ్రెంచిలో తిరగేశారు. ఇప్పుడొచ్చి "నేను దీంతోనే మొదలుపెట్టా" అంటారు. అబద్ధం! నా మిత్రుడు పుస్తకం మూసింది బద్ధకంతో కాదు. పిల్లల పుస్తకం కూడా అర్థం కావట్లేదు, నా బుర్రకి భాషలు రావు అనుకుని మూశాడు. నాతో అన్నాడు ఆ మాట, తల దించుకుని. నలభై ఏళ్ల మనిషి. ఆ మాట వాడి చేత అనిపించింది మీరు, మీ గొప్పకోసం.

తేలికవి లేవా అంటే బోలెడున్నాయి, చెప్పుకోడానికి గొప్పగా ఉండవు, అంతే. ఏ1, ఏ2 అని, అంటే భాషలో తొలి రెండు మెట్లని, అట్ట మీద వేసి, మాటలు లెక్కపెట్టి రాసిన చిన్న కథలున్నాయి. ఆ ముద్ర చూస్తే మేధావులకి చిన్నతనం. వాతావరణ సూచన ఉంది, రాశిఫలాలున్నాయి, రోజూ అవే ఇరవై మాటలు తిరిగి తిరిగి వస్తాయి. కొంచెం ముదిరాక లె పెతీ నికోలా ఉంది, కథ చెప్పేది బడిపిల్లాడు, రోజూ మాట్లాడుకునే భూతకాలంలోనే చెబుతాడు, వాక్యాలు కాస్త పొడుగు. ఆర్‌ఎఫ్‌ఐ అనే ఫ్రెంచి రేడియోలో పది నిమిషాల తేలిక ఫ్రెంచి వార్తలున్నాయి, విన్నదంతా చదువుకోడానికి రాసి కూడా ఇస్తారు, మొదటి నెలలో మాత్రం వద్దు.

ఇవన్నీ మావాడికి రాసిచ్చాను. నిన్న ఫోన్ చేశాడు. ఇంకెవరో పెద్దమనిషి కలిసి, అవన్నీ ఎందుకు, నేరుగా ప్రూస్త్ మహానవలతో మొదలుపెట్టమన్నాడట. ఏడు సంపుటాలు కదా అంటే, భయపడకు, మొదటి వాక్యం 8 మాటలే అన్నాడట.